ఎండ బాగానే ఉంది, తీగే సన్నం

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా నాన్న ఫోన్ చేశారు. రెండుసార్లు కట్ చేశాను, మూడోసారి కూడా మోగితే ఏమైందోనని బయటికొచ్చి ఎత్తాను. "ఒరేయ్, ఆ పెట్టె మళ్ళీ ఎర్ర లైటు వేస్తోందిరా. నిన్న నాలుగుసార్లు, ఇవాళ పొద్దుటి నుంచి ఆరుసార్లు. నోటుబుక్కులో టైములు రాశాను, చదవమంటావా?" పెట్టె అంటే మా డాబా మీది సోలార్ ప్యానెళ్ళ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, ఇంట్లో పాల లెక్క నుంచి కరెంటు మీటరు రీడింగు దాకా అన్నీ నోటుబుక్కులోనే ఉంటాయి. నేను హైదరాబాద్‌లో కూర్చుని యాప్ తెరిస్తే ఆ రోజు తయారైన కరెంటు గ్రాఫు దువ్వెన పళ్ళలా ఉంది. పదకొండు దాకా చక్కగా ఎక్కి, అక్కడి నుంచి పడటం లేవడం, పడటం లేవడం, రెండున్నర దాకా అదే వరస. ఎండ చూస్తే నిగనిగలాడుతోంది, మబ్బు తునక లేదు.

ఈ దువ్వెన గురించే రాద్దామని కూర్చున్నాను కానీ, ముందు జరిగింది కొంచెం చెప్పకపోతే అర్థం కాదు.

మాది పల్నాడు. ఎండకు కొదవలేదు, వేసవిలో రెంటచింతల పేరు పేపర్లో రాని ఏడాది ఉండదు కదా, మేం ఆ చుట్టుపక్కల వాళ్ళమే. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక (కిలోవాట్‌కు 30 వేలు చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడు కిలోవాట్లు అంతకు మించితే మొత్తం 78 వేలు సబ్సిడీ) నాన్నకు మనసైంది. మే నెలలో పెట్టించాం. 540 వాట్ల ప్యానెళ్ళు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు, దానికి 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్. ప్యానెల్ ఒక్కోటి దాదాపు ఏడున్నర అడుగుల పొడవు, 28 కిలోల బరువు. డాబా మీద ఎనిమిదడుగుల ఎత్తులో ఇనప చట్రం కట్టించుకున్నాం, ఎందుకంటే అమ్మ ముందే చెప్పేసింది, ఒడియాలు పెట్టుకోవడానికీ మిరపకాయలు ఎండబెట్టుకోవడానికీ జాగా పోతే ఒప్పుకునేది లేదని. ఎత్తు పెంచితే చట్రం ఖర్చు పెరుగుతుంది, గాలివానకు కింద నుంచి ఎత్తిపారేసే బలం కూడా పెరుగుతుంది, అందుకని కాళ్ళు స్లాబుకు బోల్టులతో బిగించి చుట్టూ కాంక్రీటు దిమ్మలు పోయించాం. తుపాను గాలి ఆ ప్యానెళ్ళను విమానం రెక్కల్లా చూస్తుంది. ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి.

నేను ఈఈఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. మా బ్యాచ్‌లో సగం మందిది అదే కథ. కాబట్టి ఇంట్లో నాన్న దృష్టిలో నేను "కరెంటు చదువు చదివినవాణ్ణి", అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పి తీరాలి.

మొదటి ప్రశ్న పెట్టించిన వారానికే వచ్చింది. "మూడు కిలోవాట్లన్నారు, మిట్టమధ్యాహ్నం కూడా రెండున్నర దాటట్లేదు, మోసం చేశారా?" మోసమేం లేదు. ప్యానెల్ వెనక రాసి ఉండే 540 వాట్లు ల్యాబులో కొలిచిన లెక్క. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడాలి, ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉండాలి. మా డాబా మీద మే నెలలో ఆ అద్దం మీద చెయ్యి పెట్టి చూడండి, ఒక్క క్షణం కూడా ఉంచలేరు. సెల్లు 65, 70 డిగ్రీలకు పోతుంది. మామూలు ప్యానెల్‌కు 25 దాటిన ప్రతి డిగ్రీకీ మూడోవంతు శాతం, కాస్త అటూ ఇటూ, పవర్ తగ్గుతుంది. నలభై డిగ్రీలు ఎక్కువైతే పద్నాలుగు పదిహేను శాతం అక్కడే ఎగిరిపోయినట్టు. దానికి తోడు వెలుతురు 900 మాత్రమే ఉంటే, దుమ్ము కాస్త ఉంటే, రెండున్నర రావడమే న్యాయం. ప్యానెళ్ళకు కావలసింది వెలుతురు, వేడి వాటికి శత్రువు. ఇది చెప్పాక నాన్న నోటుబుక్కులో కొత్తగా "గాలి ఉందా లేదా" అని ఒక గడి గీసుకున్నారు. నిజంగానే గాలి తోలిన రోజు వంద నూట యాభై వాట్లు ఎక్కువ వస్తోందని ఆయనే కనిపెట్టారు. ఇంకో వింత కూడా రాసుకున్నారు. వాన వెలిసి మబ్బు పక్కకు జరుగుతున్న క్షణంలో ఒక్కసారి 3000 వాట్లు తాకి దిగిపోతుంది. మబ్బు అంచు నుంచి చెదిరిన వెలుతురు నేరుగా వచ్చే ఎండకు తోడవుతుంది, అద్దం ఏమో వానకు చల్లబడి ఉంటుంది, రెండూ కలిసొచ్చిన నిమిషం అది.

రెండో ప్రశ్న జూన్‌లో, ఈదురుగాలులకు కరెంటు పోయినప్పుడు. "ఎండ మండిపోతోంది, మన కరెంటు మన నెత్తి మీదే తయారవుతుంటే ఫ్యాను తిరగదేంట్రా?" ఈ ప్రశ్నకు జవాబు తెలియక అమ్మినవాణ్ణి తిట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ముందే చెప్పరు, అదీ నిజమే.

బ్యాటరీ లేని ఇన్వర్టర్ పాటకు తాళం వేసినట్టు తనంతట తాను లయ నడపలేదు. భజనలో ముందు పాడేవాడి తాళం అందుకుని వెనక గొంతు కలిపేవాడి లాంటిది. గ్రిడ్ (ఊరికి కరెంటు తెచ్చే లైన్ల వల) సెకనుకు 50 సార్లు ఊగుతుంటే, ఆ ఊపును వింటూ సరిగ్గా దాని మీదే తన కరెంటు వదులుతుంది. ముందు పాడేవాడు ఆపేస్తే ఇదీ ఆపేయాలి, ఆపకపోతే ప్రమాదం. లైను తెగిందని లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉంటాడు, సబ్‌స్టేషన్‌లో ఫీడరు (అటు వచ్చే లైను) ఆపించి, ఆపామన్న అనుమతి, అంటే ఎల్‌సీ తీసుకునే ఎక్కుతాడు, అయినా కింద ఎవరి డాబా మీద నుంచో తీగలోకి కరెంటు వస్తుంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. అందుకే గ్రిడ్ పోయిందని పసిగట్టగానే ఇన్వర్టర్ తప్పుకోవాలని రూలు. ఎలా పసిగడుతుందన్నది నాకు భలే నచ్చే విషయం. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ గీత దాటితే తెలిసిపోతుంది, అది సులువు. కానీ ఊళ్ళో వాడకం, పైన తయారీ సరిగ్గా సమానంగా ఉన్న క్షణంలో గ్రిడ్ పోతే ఏ తేడా కనిపించదు. అందుకని ఇన్వర్టర్ అప్పుడప్పుడు తాళాన్ని చిటికెడు ముందుకో వెనక్కో తోసి చూస్తుంది. గ్రిడ్ ఉంటే అది కొండంత, దీని తోపుకు చలించదు. గ్రిడ్ లేకపోతే తాళం దీని తోపు వెంటే జారిపోతుంది, ఓహో నేనొక్కణ్ణే మిగిలానన్నమాట అని తెలుసుకుని ఆగిపోతుంది. నాన్నకు ఇదంతా చెప్తే "లైన్‌మన్ కోసమైతే సరేలే" అన్నారు. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడే మా ఏరియా లైన్‌మన్ మరి.

మూడో గొడవ డిసెంబరులో. ఇది పూర్తిగా మా తెలివితక్కువతనం, అమర్చినవాళ్ళది కూడా. వాళ్ళు మే మొదటి వారంలో కొలతలకు వచ్చారు. మా ఊళ్ళో మే మొదట్లోనూ మళ్ళీ ఆగస్టు మొదట్లోనూ సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నిలువుగా పాతిన కర్రకు నీడే ఉండదు. అలాంటి రోజున చూసి "నీడ ప్రాబ్లం లేదు సార్" అని రాసేసుకుని వెళ్ళారు. డిసెంబరు నాటికి సూర్యుడు దక్షిణానికి దిగిపోతాడు. మా నీళ్ళ ట్యాంకు ఏమో నైరుతి మూల మెట్ల గది మీద ఉంది, ప్యానెళ్ళకంటే నాలుగడుగులు ఎత్తు. మధ్యాహ్నం మూడింటికి దాని నీడ ఏడడుగులు పొడవు సాగి ఈశాన్యం వైపు, అంటే సరిగ్గా పడమటి చివరి రెండు ప్యానెళ్ళ మీద పడుతోంది. తెలుగునాట నూటికి తొంభై ఇళ్ళలో ట్యాంకు నైరుతిలోనే ఉంటుంది, ప్యానెళ్ళేమో దక్షిణం చూస్తూ ఉండాలి. వాస్తు ప్రకారం కట్టిన ఇంటి మీద సోలార్ పెట్టించేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు.

రెండు ప్యానెళ్ళ మీద నీడ పడితే రెండు ప్యానెళ్ళే పోతాయనుకుంటాం. ఆరూ ఒకదాని వెనక ఒకటి దండలా కలిపి ఉంటాయి, ఒకే కరెంటు అన్నిట్లోంచి పోవాలి. పొలానికి పోయే నీళ్ళ గొట్టం మధ్యలో ఎక్కడ తొక్కినా చివర సన్నబడుతుంది చూశారా, అలా. దీనికి మందుగా ప్రతి ప్యానెల్ వెనక పెట్టెలో మూడు బైపాస్ డయోడులు ఉంటాయి, నీడ పడ్డ ముక్కను పక్కన పెట్టి కరెంటు చుట్టూ తిరిగి పోయేలా చేస్తాయి. అయినా ఇంకో చిక్కు ఉంది. ఇన్వర్టర్ ప్రతి క్షణం "ఎంత వోల్టేజీ దగ్గర లాగితే ఎక్కువ పవర్ వస్తుంది" అని వెతుకుతూ ఉంటుంది, పాత రేడియోలో ముల్లును కొంచెం అటూ కొంచెం ఇటూ తిప్పి స్టేషన్ పట్టుకున్నట్టు. పవర్ పెరిగితే అటే ఇంకో అడుగు, తగ్గితే వెనక్కి. దీన్నే ఎంపీపీటీ అంటారు. నీడ లేనప్పుడు ఉండేది ఒకే శిఖరం, ఎటు నుంచి ఎక్కినా అక్కడికే చేరతాం. నీడ పడ్డప్పుడు రెండు మూడు గుట్టలు ఏర్పడతాయి, పాపం ఇది చిన్న గుట్ట ఎక్కి అదే కొండ అనుకుని కూర్చుంటుంది. మా ఇన్వర్టర్ మెనూలో మొత్తం పరిధిని అప్పుడప్పుడు జల్లెడ పట్టి పెద్ద గుట్టను వెతికే సెట్టింగు ఒకటి ఉంది, కొన్ననాటి నుంచీ ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేస్తే కొంత నయమైంది, కొంతే. చివరికి ట్యాంకు కదపడానికి నాన్న ససేమిరా అన్నారు (వాస్తు అనలేదు, "పైపులన్నీ మార్చాలి" అన్నారు), పడమటి రెండు ప్యానెళ్ళు విప్పించి తూర్పు చివరకు జరిపించాం. చట్రం పొడిగించడానికి అయిన ఖర్చు నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఉంది.

ఆ గొడవ తీరిందనుకుంటే ఫిబ్రవరిలో ఈ దువ్వెన.

యాప్‌లో కోడ్ చూస్తే గ్రిడ్ వోల్టేజీ ఎక్కువ అని ఉంది. మన దగ్గర ఇంటి సప్లై 230 వోల్టులు. దానికి పది శాతం మించితే, అంటే 253 దాటితే, రెండు సెకన్లలోపు ఇన్వర్టర్ తప్పుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. తప్పుకున్నాక వోల్టేజీ మళ్ళీ దారికొచ్చి 60 సెకన్లు నిలకడగా ఉంటే తిరిగి కలవొచ్చు. మా ఇంట్లో జరుగుతున్నది అదే. 254 తాకుతుంది, తప్పుకుంటుంది. తప్పుకోగానే వోల్టేజీ 244కు దిగుతుంది. నిమిషం ఆగి మళ్ళీ కలుస్తుంది, మెల్లగా ఎక్కుతుంది, 254. రోజుకు 13, 14 యూనిట్లు రావలసిన చోట 8 వస్తున్నాయి, అదీ మంచి ఎండ ఉన్న మధ్యాహ్నాలు పోతున్నాయి.

అమర్చినవాళ్ళకు ఫోన్ చేస్తే రెండు రోజులకు ఒక టెక్నీషియన్ వచ్చాడు. కుర్రాడు మంచివాడే. ల్యాప్‌టాప్ పెట్టి, పాస్‌వర్డ్ కొట్టి, "ఏం లేదు మాస్టారూ, లిమిట్ 270 పెట్టేస్తా, ఇక ట్రిప్ అవ్వదు" అన్నాడట. నాన్న నాకు ఫోన్ కలిపారు. వద్దన్నాను. ఎర్ర లైటు వస్తోందని బల్బు పీకేసినట్టు ఉంటుంది అది. ఆ 254 వోల్టులు ఇన్వర్టర్ ఒక్కదానికే కాదు కదా, అదే తీగ మీద మా ఫ్రిజ్, టీవీ, ఎల్ఈడీ బల్బులు అన్నీ ఉన్నాయి. లిమిట్ పెంచితే ట్రిప్ ఆగుతుంది, వోల్టేజీ 256, 258 అవుతుంది, ఆరు నెలల్లో ఏదో ఒకటి కాలుతుంది, అప్పుడు దాన్ని సోలార్ ఖాతాలో ఎవరూ రాయరు. చాలా ఊళ్ళలో ఈ పని చేసి "సర్వీస్ కంప్లీట్" అని మెసేజ్ పెట్టేస్తున్నారని ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు. నాకు నిజంగా ఒళ్ళు మండింది ఇక్కడే.

ఆ శనివారం బస్సెక్కి ఊరెళ్ళాను. ఎలక్ట్రీషియన్ దగ్గర టాంగ్ టెస్టర్ (తీగను చుట్టి పట్టుకుని కరెంటు కొలిచేది) అడిగి తెచ్చుకుని మెయిన్ బోర్డు దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం పన్నెండున్నర. ఇన్వర్టర్ పని చేస్తుంటే 254, తీగలో పదిన్నర ఆంపియర్లు బయటికి పోతున్నాయి. ఇన్వర్టర్ ఎంసీబీ దించాను, 244. మళ్ళీ లేపి నిమిషం ఆగి చూశాను, 254. నాన్న పక్కన నిలబడి రాసుకుంటున్నారు. పెన్ను ఆపి, "పదిన్నర ఆంపియర్లకు పది వోల్టులంటే దాదాపు ఒక ఓమ్ కదరా" అన్నారు. ఇంటర్లో నాకు చెప్పిన పాఠమే. పదేళ్ళుగా కోడ్ రాస్తున్నానే తప్ప, వోల్టేజీ అంటే కరెంటు ఇంటూ రెసిస్టెన్స్ అని బోర్డు ముందు నిలబడి ఒక్కసారన్నా అనుకోలేదు.

మా ఇంటి నుంచి స్తంభం దాకా సర్వీసు వైరు 35 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ, ఇల్లు కట్టినప్పుడు వేసింది, అప్పటికి ఇంట్లో నాలుగు ఫ్యాన్లు, ఒక టీవీ. పోను రాను కలిపి 70 మీటర్లు, కిలోమీటరుకు 7.4 ఓమ్‌లు వేసుకుంటే సగం ఓమ్ కొంచెం పైన. మరి మిగతా సగం ఎక్కడుంది?

అప్పుడు అమ్మ వంటింట్లోంచి ఒక మాట అంది. "ఏసీ అందుకున్నప్పుడల్లా లైటు కన్ను కొట్టేది చూడు, అదేనా ఇది?"

అదే. ముమ్మాటికీ అదే. ఏసీ పెట్టించిన నాటి నుంచి కంప్రెసర్ అందుకున్న ప్రతిసారీ హాల్లో లైటు ఒక్క క్షణం మసకబారేది, ఫ్యాను నిట్టూర్చేది. అందరిళ్ళలో అంతేగా అని వదిలేశాం. కరెంటు స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆ తీగ వోల్టేజీని తినేసేది, 220 కాస్తా 200 అయ్యేది. ఇప్పుడు కరెంటు ఇంట్లోంచి స్తంభానికి పోతోంది. ఇన్వర్టర్ ఎదురు నీటిలో తోసుకుంటూ పోవాలంటే స్తంభం దగ్గరకంటే తన దగ్గర వోల్టేజీ పైకి ఎత్తక తప్పదు. అదే తీగ, అదే ఒక ఓమ్, దిశ మాత్రం మారింది. అప్పుడు లైటు మసకబారేది, ఇప్పుడు ఇన్వర్టర్ పడిపోతోంది. జబ్బు చాలా ఏళ్ళ నాటిది, సోలార్ వచ్చి బయటపెట్టింది.

మరి మే నెలలో, నవంబరులో ఎందుకు రాలేదు? నాన్న నోటుబుక్కు చూశాం. అప్పట్లో మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగినప్పుడు వోల్టేజీ 240, 241 ఉండేది. సంక్రాంతి తర్వాత మా వీధిలో ఇంకో ఇద్దరు సోలార్ పెట్టించారు. పైగా ఫిబ్రవరిలో ఏసీలూ కూలర్లూ ఎవరూ వేయరు, ఎండ మాత్రం బాగుంటుంది, సెల్లు చల్లగా ఉంటుంది కాబట్టి ప్యానెల్ కూడా ఎక్కువ ఇస్తుంది. తయారీ నిండుగా, వాడకం సన్నగా. ట్రాన్స్‌ఫార్మర్ మా వీధి మొదట్లోనే ఉంది, దూరంగా చివరి ఇళ్ళకు సరిపడా వోల్టేజీ అందాలని మొదట్లో కాస్త ఎక్కువే ఉంటుంది. ఇవన్నీ కలిసి 241 కాస్తా 244 అయింది. ఆ మూడు వోల్టులు చాలు గీత దాటడానికి.

సోమవారం నాన్న లైన్‌మన్‌ను పిలిచారు. "మాస్టారూ, మీరు కాబట్టి వచ్చాను, ఇది మా పనిలోకి రాదు" అంటూనే ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కాడు. కింద నుంచి నేను చూస్తున్నాను. పైన లైను తీగకు మా సర్వీసు వైరును చేత్తో మెలిపెట్టి చుట్టి ఉంది, దాని మీద టేపు ఎప్పుడో ఎండకు పెళుసై రాలిపోయింది. "అన్నా, ఫొటో తియ్యవా" అంటే ఫోనులో తీసి చూపించాడు. జాయింటు చుట్టూ తెల్లటి పొడి, మధ్యలో నల్లగా మాడిన మచ్చ. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కడుతుంది, అది కరెంటును పోనివ్వదు, వేడెక్కుతుంది, వేడికి వదులవుతుంది, వదులైతే ఇంకా వేడెక్కుతుంది. మిగతా అర ఓమ్ అక్కడ దాక్కుంది. పదిన్నర ఆంపియర్లకు ఒక ఓమ్ అంటే వంద వాట్లకు పైనే వృథా, అందులో సగం ఆ జానెడు చోట. అది అంటుకోకపోవడం మా అదృష్టం.

కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి సర్వీసు వైరు మార్పించుకున్నాం. ఆ దరఖాస్తు ఎన్నిసార్లు తిరిగితే కదిలిందో రాస్తే ఇంకో పోస్టు అవుతుంది, వదిలేద్దాం. 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు, రెండు వైపులా సరైన లగ్గులు (తీగ కొసకు తొడిగే లోహపు తొడుగులు) వేసి ప్రెస్ చేయించాం. పనిలో పనిగా లైన్‌మన్ ఇంకొకటి గమనించాడు, మా వీధిలో సోలార్ ఉన్న మూడిళ్ళూ ఒకే ఫేజు మీద, అంటే లైనులోని మూడు కరెంటు తీగల్లో ఒక్కదాని మీదే ఉన్నాయి. మధ్యాహ్నం ఆ ఒక్క ఫేజే పైకి లేస్తోంది, మిగతా రెండూ మామూలుగా ఉన్నాయి. పక్కింటి బాబాయి సర్వీసును ఇంకో ఫేజుకు మార్చాడు. ఐదు నిమిషాల పని. బాబాయికి అసలు ఏం జరిగిందో తెలియదు, "మాకూ అప్పుడప్పుడు ఎర్ర లైటు వచ్చేదిరా, సూర్యుడు ఎక్కువైతే వస్తుందన్నారు" అన్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఇన్వర్టర్ నిండుగా పని చేస్తుంటే బోర్డు దగ్గర 246. ట్రిప్ లేదు. టెక్నీషియన్ కుర్రాణ్ణి మళ్ళీ పిలిపించి లిమిట్ ముట్టుకోకుండా ఇంకో సెట్టింగు మాత్రం ఆన్ చేయించాను. వోల్టేజీ ఒక స్థాయి దాటితే ఒక్కసారిగా పడిపోకుండా పవర్‌ను కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతుంది. ఎప్పుడైనా వీధిలో నాలుగో వాళ్ళు, ఐదో వాళ్ళు పెట్టిస్తే అర కిలోవాట్ పోతుంది కానీ మొత్తం పోదు. పెద్ద పెద్ద సోలార్ పార్కుల్లో లోడ్ డిస్పాచ్ సెంటర్ (గ్రిడ్‌ను నడిపే ఆఫీసు) చెప్తే చేసే పని ఇదే. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ వైపు వెళ్తే కనుచూపు మేర ప్యానెళ్ళు కనిపిస్తాయి కదా, 1000 మెగావాట్ల పార్కు, అక్కడైనా మధ్యాహ్నం గ్రిడ్ నిండిపోతే తగ్గించుకోమంటారు. దేశం మొత్తం మీద సోలార్ 2025 జనవరికి 100 గిగావాట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో పొలాల మోటార్లకు పగలు తొమ్మిది గంటలు కరెంటు ఇవ్వడం వల్ల కొంత సర్దుకుంటోంది, లేకపోతే మా వీధి కథే రాష్ట్రమంతా పెద్దక్షరాల్లో జరిగేది.

ఇంకో రెండు ముక్కలు, అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి. కడగడం తెల్లవారుజామునే చేయండి, మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లనీళ్ళు కుమ్మరిస్తే పగలొచ్చు. మా వైపు బోరు నీళ్ళు ఉప్పు కదా, కడిగి అలాగే వదిలేస్తే తెల్లటి మరకలు కడతాయి, దుమ్ముకంటే అవి మొండివి. మేం ట్యాంకరు నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాం. ఇక ప్యానెళ్ళ వైపు వైర్లను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఇంట్లో మెయిన్ ఆపేసినా, ఊళ్ళో కరెంటు పోయినా, ఎండ ఉన్నంతసేపు ఆ ఆరు ప్యానెళ్ళ దండలో 300 వోల్టుల దాకా డీసీ (ఒకే దిశలో పోయే కరెంటు) ఉంటుంది. దానికి స్విచ్చు సూర్యుడి దగ్గరే ఉంది. లోడు మీద ఉన్న కనెక్టర్ లాగితే మంట లేస్తుంది, ఇంటి కరెంటు నిప్పురవ్వలా దానంతటది ఆరిపోదు. కోతులు వైర్లు పీకే ఊళ్ళలో వాళ్ళు గొట్టాల్లోంచి వేయించుకోండి, మా వెనక వీధిలో ఒకరికి ఆ అనుభవం అయింది.

మీటరు తక్కువ తిరుగుతోందన్న అనుమానం చాలామందికి ఉంటుంది, నాన్నకూ ఉండేది. ఇన్వర్టర్ 12 యూనిట్లు చూపిస్తే నెట్ మీటరు (గ్రిడ్‌కు ఇచ్చిందీ తీసుకున్నదీ లెక్కపెట్టే మీటరు) ఎగుమతి 7 చూపిస్తుంది. మిగతా 5 పగలు ఇంట్లోనే వాడేసుకున్నాం, అవి మీటరు దాకా పోనేలేదు. అంతే.

మొన్న ఊరెళ్ళినప్పుడు రాత్రి ఏసీ వేశాం. కంప్రెసర్ అందుకున్న చప్పుడు వినగానే ముగ్గురం తలెత్తి లైటు వైపు చూశాం. కదల్లేదు. అమ్మ "ఏంటో, ఇల్లు కొత్తగా ఉంది" అంది. నాన్న మాత్రం కొత్త పేజీ తిప్పారు. కరెంటు పోయినప్పుడు కూడా ఫ్యాను తిరగాలంటే ఏం చేయాలన్నది ఇప్పటి ప్రశ్న. గ్రిడ్ పోగానే దాని నుంచి తెగదెంపులు చేసుకుని, తనే తాళం వేస్తూ ఇంటి వరకు నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్లు ఉన్నాయి, దానికి బ్యాటరీ కావాలి. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు కలిపి 400 వాట్లనుకుంటే 5 యూనిట్ల లిథియం బ్యాటరీ పది పన్నెండు గంటలు లాగుతుంది. కానీ మా ఊళ్ళో కరెంటు పోయేది నెలకు ఎన్ని గంటలు? నోటుబుక్కులో ఆ గడి లేదు. ఈ నెల నుంచి రాస్తానన్నారు.